గెఫీ, సీమ్యాప్‌టూల్స్ రివ్యూ: మా గ్రూపు గొడవకి రెండు బొమ్మలు

ముందే చెప్పేస్తాను, నేను డేటా సైంటిస్టును కాదు. ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్ల టెలిగ్రామ్ గ్రూపు ఒకదానికి అడ్మిన్‌ని, అంతే. ఆ గ్రూపులో నాలుగు నెలలుగా ఒకటే రగడ, ఎడిట్ చేసిన ఫొటోని ఫొటో అనాలా వద్దా అని. ఎవరో ఒకరు అలిగి వెళ్లిపోవడం, ఇంకొకరు వెళ్లి బతిమాలి తీసుకురావడం, వారం తిరక్కుండా మళ్లీ మొదలు. మేం అడ్మిన్లం మాట్లాడుకుని తేల్చేసుకున్నది ఏంటంటే, గ్రూపు రెండుగా చీలిపోయింది, ఎడిటింగ్ వద్దనేవాళ్లది ఒక వర్గం, కావాలనేవాళ్లది ఇంకో వర్గం, కాబట్టి రెండు గ్రూపులు పెట్టేస్తే పీడా పోతుంది. నేనే కాస్త ఆగమన్నాను. చీలిందో లేదో ఒకసారి బొమ్మ గీసి చూద్దాం, విడగొట్టడం ఎంతసేపు అని. అలా ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడడానికి గెఫీ, ఎందుకు అలా చేస్తున్నారో కాగితం మీద పెట్టడానికి సీమ్యాప్‌టూల్స్, రెండూ దింపుకుని నెలన్నర వాడాను. రెండూ ఉచితమే.

నిజానికి వీటికంటే ముందు ఒక ఆన్‌లైన్ సర్వీసు వాడి చూశాను, పేరు అనవసరం. మెసేజ్‌లు అప్‌లోడ్ చేయండి, మీ గ్రూపు మూడ్ ఎలా ఉందో మేం చెప్పేస్తాం అన్నారు. ఒక మీటరు వచ్చింది, ముల్లు ఎరుపు వైపు వాలి ఉంది, కింద 'నెగెటివ్' అని. గొడవగా ఉందని నాకు తెలియకనా దాన్ని అడిగింది? పైగా మంచి ఫొటో కింద మనవాళ్లు "చంపేశావ్ పో!" అని రాసిన మెచ్చుకోళ్లను కూడా అది తిట్ల ఖాతాలో వేసింది. దానికో దండం పెట్టి బయటికొచ్చాను.

సరే, గెఫీ. ఇది నెట్‌వర్క్ బొమ్మలు (ఒక్కో మనిషి ఒక చుక్క, ఒకరు ఇంకొకరికి ఇచ్చిన జవాబు ఒక గీత) గీసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, ఫ్రాన్స్‌లోని కాంపియెన్ టెక్నాలజీ యూనివర్సిటీ విద్యార్థులు మొదలుపెట్టారు, తొలి వెర్షన్ 2008లో వచ్చింది. నేను వాడింది 0.10. ఇన్‌స్టాల్ చేయడంలో పెద్ద తలనొప్పి లేదు. అసలు తలనొప్పి దానికి తిండి పెట్టడంలో ఉంది. గెఫీ మెసేజ్‌లు చదవదు, దానికి కావాల్సింది రెండు కాలమ్‌ల పట్టిక: ఎవరి నుంచి, ఎవరికి. ఆ పట్టిక మనమే తయారుచేసి ఇవ్వాలి.

ఇక్కడ టెలిగ్రామ్ అయినందుకు బతికిపోయాం. కంప్యూటర్‌లో వాడే టెలిగ్రామ్‌లో చాట్ మొత్తాన్ని జేసన్ ఫైల్‌గా, అంటే ప్రోగ్రాములు తేలిగ్గా చదవగలిగే ఫైల్‌గా, దింపుకోవచ్చు, అందులో ప్రతి మెసేజ్‌కీ ఒక నంబరు ఉంటుంది, అది ఇంకో మెసేజ్‌కి రిప్లై అయితే ఆ పాత మెసేజ్ నంబరు కూడా పక్కనే ఉంటుంది. అదే వాట్సాప్‌లో చాట్ ఎక్స్‌పోర్ట్ చేస్తే తేదీ, టైము, పేరు, మాట, ఇంతే వస్తాయి, ఏది దేనికి జవాబో ఆ ఫైల్‌లో ఉండదు. వాట్సాప్ గ్రూపు ఉన్నవాళ్లు ఈ పనికి దిగేముందు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. జేసన్‌ని పట్టికగా మార్చే పైథాన్ కోడ్ మా అన్నయ్య కూతురు రాసిపెట్టింది, పాతిక లైన్లు కూడా లేదు. "బాబాయ్, ఇందులో కొన్ని రిప్లైలకి అసలు మెసేజే లేదు" అంది. చూస్తే ఏముంది, గొడవ బాగా ముదిరిన రోజుల్లో మేం అడ్మిన్లమే డిలీట్ చేసిన మెసేజ్‌లు అవి. డిలీట్ చేసినవి ఎక్స్‌పోర్ట్‌లో రావు, వాటికి వచ్చిన జవాబులు గాల్లో వేలాడుతున్నాయి. అంటే ఏ గొడవని అర్థం చేసుకుందామని కూర్చున్నానో ఆ గొడవలోని ముఖ్యమైన ముక్కల్ని నా చేత్తో నేనే చెరిపేసి ఉన్నాను. ఆ గీతలు ఈ బొమ్మలో లేవు, ఇక రావు.

ఇంకో మాట. గ్రూపులో ముందే చెప్పాం, ఇలా చేస్తున్నాం, పేర్లు తీసేసి నంబర్లు పెడుతున్నాం, వద్దనుకున్నవాళ్లు చెప్పండి అని. ఐదుగురు వద్దన్నారు, తీసేశాం. అయినా పేరు తీసి నంబరు పెడితే సరిపోతుందనుకోవద్దు. 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ దాదాపు ఆరున్నర లక్షల మంది ఆన్‌లైన్ వెతుకులాటల్ని పేర్లు లేకుండా నంబర్లతో బయటపెట్టింది, వాళ్లు వెతికిన మాటల్ని బట్టే పత్రికవాళ్లు ఒక మనిషి ఇంటికి నేరుగా వెళ్లగలిగారు. మా గ్రూపు అంతకంటే చాలా చిన్నది, ఏ నంబరు ఎవరో పట్టుకోవడం అందులోవాళ్లకి పెద్ద పనేం కాదు. అందుకే ఆ ఫైల్ నా దగ్గరే ఉంది, బొమ్మ కూడా ఇక్కడ పెట్టడం లేదు.

పట్టిక గెఫీకి ఇచ్చాక మొదట కనిపించేది చూసి కంగారు పడకండి. నల్ల చుక్కలు, గీతలు, చిక్కుపడ్డ దారపు ఉండలాగా ఒకటే గజిబిజి. అందరికీ ఇంతే. లేఅవుట్ అనే చోట ఫోర్స్‌అట్లాస్ 2 ఎంచుకుని రన్ నొక్కాలి. అప్పుడు జరిగేది మాత్రం చూసి తీరాలి, నిజంగా. చుక్కలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, గీత ఉన్న చుక్కలు స్ప్రింగులాగా ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ఆ తోపులాటలో ఎక్కువగా మాట్లాడుకునేవాళ్లు మెల్లగా ఒక దగ్గరికి చేరతారు. అరగంటసేపు అలా చూస్తూ కూర్చున్నాను, టీవీ చూసినట్టు. ఒక జాగ్రత్త చెప్పాలి, ఆ బొమ్మలో పైన ఉండడానికీ కింద ఉండడానికీ, కుడికీ ఎడమకీ అర్థం లేదు. దగ్గరా దూరమా అన్నదే లెక్క, అది కూడా ఉజ్జాయింపే. మా అడ్మిన్ ఒకాయన "చూశారా, నేను పైనున్నాను" అన్నాడు. మళ్లీ రన్ చేస్తే కింద తేలాడు.

అన్నట్టు నేను వాడిన వెర్షన్‌లో అన్‌డూ లేదు. మళ్లీ చదవండి, అన్‌డూ లేదు. రెండు గంటలు కూర్చుని చుక్కల్ని ఒక్కొక్కటిగా జరిపి, పేర్లు ఒకదాని మీద ఒకటి పడకుండా సర్దుకుని, చెయ్యి జారి మళ్లీ లేఅవుట్ రన్ నొక్కాను. అంతే సంగతులు. సేవ్ చేసుకోకపోవడం నా తప్పే అనుకోండి. పని మొదలుపెట్టేముందు ఫైల్‌ని ఇంకో పేరుతో సేవ్ చేసుకోవడం అలవాటు చేసుకోండి, ప్రతి అడుగుకీ.

ఇప్పుడు అసలు కథ. గెఫీలో మాడ్యులారిటీ అని ఒక లెక్క ఉంటుంది. తమలో తాము ఎక్కువగా, బయటివాళ్లతో తక్కువగా మాట్లాడుకునే గుంపుల్ని అది పట్టుకుంటుంది, ఒక్కో గుంపుకీ ఒక్కో రంగు వేసుకోవచ్చు. దాని వెనకున్నది లూవాన్ పద్ధతి, 2008లో బెల్జియంలోని లూవాన్ యూనివర్సిటీవాళ్లు ప్రచురించారు. నేను నొక్కితే ఆరు గుంపులు వచ్చాయి, రెండు పెద్దవి, నాలుగు చిన్నవి. నాకు కావాల్సింది రెండు కదా, వర్గాలు రెండే అని ముందే తేల్చుకుని ఉన్నాం కదా. పక్కనే రిజల్యూషన్ అని ఒక అంకె ఉంది, మామూలుగా 1.0 ఉంటుంది. దాన్ని పెంచితే గుంపులు తగ్గుతాయి. పెంచాను. ఇంకొంచెం పెంచాను. చక్కగా రెండొచ్చాయి, ఒకటి నీలం, ఒకటి నారింజ. స్క్రీన్‌షాట్ తీసి అడ్మిన్లకి పంపాను, "ఇదిగో, నేను చెప్పలా" అని. ఆ మాట అన్నది విడగొట్టొద్దని ఆపిన నేనే! అంత అందంగా ఉంది బొమ్మ మరి, ఎవరైనా పడిపోతారు.

మీరు ఈ రివ్యూలో ఒక్క పేరానే చదువుతానంటే ఇది చదవండి. గెఫీ మనం అడిగినన్ని గుంపులు ఇస్తుంది. మీట తిప్పేకొద్దీ ఆరు, నాలుగు, రెండు. ఇష్టమొచ్చినట్టు గీతలు కలిపేసిన ఉత్తుత్తి నెట్‌వర్క్‌ని ఇచ్చినా అది గుంపులు తీసి రంగులు వేస్తుంది. ర్యాండమైజ్ (ప్రతిసారీ వేరే వరసలో లెక్క మొదలుపెట్టడం) పెట్టుకుని నాలుగైదుసార్లు రన్ చేస్తే కొన్ని చుక్కలు ఒకసారి ఈ రంగులో, ఒకసారి ఆ రంగులో కనిపిస్తాయి. మా దాంట్లో ఆ రెండు పెద్ద గుంపుల నడిగుండె మాత్రం ఎన్నిసార్లు నొక్కినా కదల్లేదు, అంచుల్లో ఉన్నవాళ్లే అటూ ఇటూ గెంతారు. కాబట్టి అక్కడ ఏదో ఉందన్నది నిజం. ఏముందో మాత్రం గెఫీకి తెలియదు, దానికి తెలిసే దారే లేదు. ఎందుకంటే "థాంక్యూ అన్నా, బాగా చెప్పావు" అన్నదీ ఒక గీతే, "నీకు కెమెరా పట్టుకోవడమే రాదు" అన్నదీ ఒక గీతే. రెండూ ఒకే లావు.

ఈ నెట్‌వర్కుల రంగంలోవాళ్లందరూ మొదట చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది, కరాటే క్లబ్. జాకరీ అనే ఆంత్రొపాలజిస్టు అమెరికాలో ఒక యూనివర్సిటీ కరాటే క్లబ్‌ని గమనించి 1977లో ప్రచురించాడు. 34 మంది, వాళ్ల మధ్య 78 స్నేహాల గీతలు. శిక్షకుడికీ క్లబ్ నిర్వాహకుడికీ చెడి క్లబ్ రెండుగా చీలింది. ఎవరు ఎటు వెళ్తారో గీతల్ని బట్టి లెక్క వేస్తే ఒక్క మనిషి విషయంలో తప్ప అందరి విషయంలోనూ సరిపోయింది. అందరూ ఇక్కడికి చెప్పి చప్పట్లు కొట్టేస్తారు. నాకు మాత్రం ఆ తప్పిన ఒక్కడే కావాలి. ఆయన 9వ నంబరు. గీతల ప్రకారం నిర్వాహకుడి వైపు వెళ్లాలి, కానీ శిక్షకుడి వెంట వెళ్లాడు. కారణం ఏంటంటే, బ్లాక్ బెల్ట్ పరీక్షకి ఇంకా మూడే వారాలుంది. అటు వెళ్తే ఉన్న బెల్ట్ వదులుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇది ఏ గీతలో ఉంటుంది చెప్పండి. ఆయన్నో, ఆయన సంగతి తెలిసినవాళ్లనో అడగాలి, అంతే.

అలా అడిగి తెలుసుకున్న మాటల్ని ఏం చేయాలి అన్నదగ్గర సీమ్యాప్‌టూల్స్ పనికొచ్చింది, ఇది కాన్సెప్ట్ మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్. కాన్సెప్ట్ మ్యాప్ అంటే చాలామంది మైండ్ మ్యాప్ అనుకుంటారు, మధ్యలో ఒక మాట రాసి చుట్టూ కొమ్మలు లాగడం. అది కాదు ఇది. ఇందులో ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి బాణం గీస్తే ఆ బాణం మీద ఒక మాట రాయాలి. మొదటి పెట్టె, బాణం మీది మాట, రెండో పెట్టె, ఈ మూడూ వరసగా చదివితే ఒక వాక్యం రావాలి. ఈ పద్ధతి పుట్టిందే ఇంటర్వ్యూల నుంచి. కార్నెల్ యూనివర్సిటీలో జోసెఫ్ నోవాక్ బృందం 1970లలో పిల్లలకి సైన్సు ఎలా అర్థమవుతోందో తెలుసుకోవడానికి ఏళ్ల తరబడి వాళ్లతో మాట్లాడింది, పేజీలకు పేజీలు మాటలు పోగుపడ్డాయి, వాటిలో ఏం మారిందో చూడడం కష్టమైపోయి ఇలా బొమ్మగా గీయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఫ్లోరిడాలోని ఐహెచ్ఎంసీ అనే పరిశోధన సంస్థ దానికి సాఫ్ట్‌వేర్ తయారుచేసింది, అదే సీమ్యాప్‌టూల్స్.

చూడడానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లాగే ఉంటుంది, దాచేదేం లేదు. తెల్ల కాన్వాస్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఒక పెట్టె వస్తుంది, అందులో నాలుగు ప్రశ్నార్థకాలు ఉంటాయి, ఇలా: ????. అక్కడ మాట టైప్ చేస్తాం. పెట్టె మీద కనిపించే బాణాన్ని పట్టుకుని లాగితే గీత వస్తుంది, ఆ గీత మధ్యలో మళ్లీ నాలుగు ప్రశ్నార్థకాలు. మొదట్లో అది చిరాకు. గీత గీశాను కదా, వదిలేయొచ్చు కదా, ఏం రాయమంటావు అనిపిస్తుంది. నేను 'ఎడిటింగ్ మీద అభిప్రాయం' అని ఒక పెట్టె, 'గొడవ' అని ఇంకో పెట్టె పెట్టి, మధ్యలో గీత లాగి, ఆ ప్రశ్నార్థకాల దగ్గర కూర్చుండిపోయాను. 'కారణం' అని రాద్దామంటే చెయ్యి రాలేదు. ఎందుకంటే ఎడిటింగ్ మీద అభిప్రాయాలు గ్రూపు పెట్టినప్పటి నుంచీ ఉన్నవే, మూడేళ్లుగా అవే అభిప్రాయాలు, అప్పుడెప్పుడూ ఎవరూ అలిగి వెళ్లిపోలేదు. మరి 'పెంచుతుంది' అందామా? 'సాకు అవుతుంది' అందామా? ఆ ప్రశ్నార్థకాలు మూడు రోజులు అలాగే ఉన్నాయి. గెఫీ గీతలు వందల కొద్దీ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు, ఇది ఒక్క గీతకి మూడు రోజులు ఆపింది.

అప్పుడు ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. నీలం నుంచి కొందరు, నారింజ నుంచి కొందరు, మొత్తం పద్నాలుగు మంది. అందరినీ ఒకటే అడిగాను, గ్రూపులో మీరు చివరిసారి చిరాకుపడింది ఎప్పుడు, దేనికి అని. ఎడిటింగ్ గురించి మీ అభిప్రాయం ఏంటి అని మాత్రం అడగలేదు, అడిగితే అదే చెప్తారు. ఒక్కొక్కరి మాటలకి ఒక్కో చిన్న మ్యాప్, ఆ తర్వాత అన్నీ కలిపి ఒకటి. మ్యాప్ గీసేముందు ఏ ప్రశ్నకి జవాబు వెతుకుతున్నామో పైన రాసుకోవాలని, పెట్టెలు పదిహేను నుంచి పాతిక దాకా ఉంటే చాలని నోవాక్ వాళ్లు చెప్తారు. ఎక్కడ పెట్టాలో తెలియని మాటల్ని ఒక పక్కన పార్కింగ్‌లో పెట్టినట్టు వరసగా ఉంచుకోమంటారు. ఈ పార్కింగ్ సలహా బంగారం. నా పార్కింగ్‌లో మొదటి రోజు నుంచీ 'రాత్రి' అనే మాట పడి ఉంది, ఎక్కడా కుదరక. ఫోన్‌లో ఐదుగురు ఆ మాట అన్నారు, "రాత్రి అడిగితే ఎవరూ పలకరండీ", "రాత్రి పెట్టిన ఫొటో తెల్లారేసరికి ఎక్కడికో వెళ్లిపోతుంది" ఇలా. వాళ్లు ఊరికే అన్నారు, నేను ఊరికే రాసుకున్నాను.

పదకొండో ఫోన్‌కి అనుకుంటా వెలిగింది. రాత్రి అడిగిన ప్రశ్నకి 'దొరకదు' జవాబు. అడిగినవాళ్లు అదే ప్రశ్నని పొద్దున 'మళ్లీ అడుగుతారు'. పొద్దున ఉండేవాళ్లకి అది 'కనిపిస్తుంది' రోజూ వచ్చే పాత ప్రశ్నలాగా. "పైకి వెళ్లి చూసుకోండి, ఇదివరకే చెప్పాం" అంటారు. అక్కడ మనసు నొచ్చుకుంటుంది. ఆ నొచ్చుకున్నవాళ్లు నాలుగు రోజుల తర్వాత ఎడిటింగ్ మాట వచ్చినప్పుడు 'అందుకుంటారు'. ఇవన్నీ బాణాల మీద మాటలు. ఎడిటింగ్ పెట్టె నుంచి గొడవ పెట్టెకి ఉన్న ఆ మొండి బాణం మీద చివరికి 'వేదిక ఇస్తుంది' అని రాశాను. సరైన మాటేనా అంటే ఇప్పటికీ పూర్తిగా తృప్తి లేదు, కానీ 'కారణం' మాత్రం కాదు.

మళ్లీ గెఫీకి పరిగెత్తాను. టెలిగ్రామ్ ఫైల్‌లో ప్రతి మెసేజ్ టైమూ ఉంది కదా, ఎవరు ఎక్కువగా ఏ గంటల్లో రాస్తారో లెక్క వేసి, ఆ కాలమ్ కూడా చేర్చి, ఈసారి గుంపుల రంగు కాకుండా ఆ గంటల రంగు వేశాను. బొమ్మ దాదాపు మారలేదు! నీలం ఉన్నచోట రాత్రివాళ్లు, నారింజ ఉన్నచోట పొద్దునవాళ్లు, పది పదిహేను మంది తప్ప. ఎడిటింగ్ కావాలనేవాళ్లు, వద్దనేవాళ్లు రెండు రంగుల్లోనూ కలగలిసి ఉన్నారు. ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు, మనిషి రిప్లై ఇచ్చేది స్క్రీన్ మీద ఆ నిమిషంలో కనిపిస్తున్న మెసేజ్‌కే. మేం వర్గాలు అనుకున్నది గడియారం. మొదటి రోజే ఈ టైము కాలమ్ వేసి ఉంటే అప్పుడే తెలిసేది కదా అని మీరనొచ్చు. నిజమే. కానీ వేయాలని నాకు తోచలేదు, గెఫీ చెప్పదు, సీమ్యాప్‌టూల్స్‌లో పార్కింగ్‌లో ఉన్న ఆ ఒక్క మాట చెప్పింది.

17వ నంబరు సంగతి కూడా చెప్పాలి. గెఫీలో బిట్వీన్‌నెస్ అని ఇంకో లెక్క ఉంది, ఏ ఇద్దరి మధ్యనైనా అతి దగ్గరి దారి తీస్తే అందులో ఎన్నిసార్లు ఈ చుక్క మీదుగా వెళ్లాల్సి వస్తుంది అని. లిన్టన్ ఫ్రీమన్ అనే సోషియాలజిస్టు 1977లో రాసిన లెక్క. దాని ప్రకారం సైజులు పెడితే అందరికంటే పెద్దగా తేలింది మేం నలుగురు అడ్మిన్లం కాదు, 17. ఆయన రాసేది తక్కువ, వాదనల్లో అసలు దిగడు. పెద్దమనిషి తరహాలో రెండు పక్షాల్నీ కలుపుతున్నాడేమో అని నేనే ఒక కథ అల్లుకున్నాను. ఫోన్ చేస్తే తేలింది, ఆయనది షిఫ్టు ఉద్యోగం. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. అందుకని రెండు గుంపుల్లోనూ ఉంటాడు, రాత్రివాళ్ల ప్రశ్నలు ఆయనకి కనిపిస్తాయి, పొద్దునవాళ్ల జవాబులూ తెలుసు. గ్రానోవెటర్ అనే ఇంకో సోషియాలజిస్టు 1973లో చెప్పిన మాట, కొత్త సమాచారం మనకి దగ్గరివాళ్ల నుంచి కంటే అంతంతమాత్రం పరిచయం ఉన్నవాళ్ల నుంచే ఎక్కువగా వస్తుందని, దానికి మా 17 చక్కగా సరిపోతాడు. ఆయన సెలవులో ఉన్న పదిహేను రోజులే గ్రూపులో గొడవ అన్నింటికంటే ఎక్కువగా ఉన్న రోజులు. ఇది యాదృచ్ఛికం అయినా అయి ఉండొచ్చు, ఒక్కసారి జరిగినదాన్ని పట్టుకుని రుజువు అనను.

ఇక గెఫీ చూపించలేని ఇంకో పెద్ద సంగతి. వద్దన్న ఐదుగురు కాక గ్రూపులో 340 మంది. బొమ్మలో చుక్కలు 112. మిగతావాళ్లు ఏరి? గీతల పట్టిక మాత్రమే ఇస్తే గీత లేని మనిషికి చుక్క కూడా రాదు, పేర్ల పట్టిక విడిగా ఇవ్వాలి. ఇస్తే ఏమవుతుందంటే, 228 చుక్కలు అంచుల చుట్టూ ఇసక చల్లినట్టు పడతాయి. అందంగా ఉండదు, అందుకే అందరూ ఫిల్టర్ పెట్టి తీసేస్తారు, నేనూ తీసేశాను మొదట. వాళ్లలో ముగ్గురితో మాట్లాడాను. ఒకావిడ అన్న మాట, "నేనేం మాట్లాడతానండీ, నేను అడగాలనుకున్నది ఎవరో ఒకరు ముందే అడిగేస్తారు. అన్నీ చదువుతాను, సేవ్ చేసుకుంటాను". ఆవిడ ఫోన్‌లో గ్రూపులో వచ్చిన సలహాలన్నీ టాపిక్ వారీగా ఫోల్డర్లలో ఉన్నాయట. గ్రూపుని అందరికంటే బాగా వాడుకుంటున్న మనిషి గ్రాఫ్‌లో చుక్కకి కూడా నోచుకోలేదు.

సీమ్యాప్‌టూల్స్‌ని మరీ నెత్తిన పెట్టుకోవడం లేదు. ఒక్కో ఫోన్ అరగంట, ఒక్కో మ్యాప్ గంట, పద్నాలుగు మందికే నా శని ఆదివారాలన్నీ పోయాయి. వందల మంది ఉన్నచోట ఇది కుదిరే పని కాదు. పైగా అది గీసిన మనిషి బుర్రని బట్టి ఉంటుంది. అవే ఫోన్ నోట్సు ఇంకో అడ్మిన్‌కి ఇచ్చి గీయమంటే ఆవిడ మ్యాప్‌లో 'రాత్రి' ఒక మూలన ఉంది, 'అడ్మిన్ల పక్షపాతం' నడిమధ్యలో ఉంది. ఆవిడ మ్యాప్ తప్పని నేను అనలేను, కొంచెం గుచ్చుకుంది కూడా. చివరికి ఇద్దరి మ్యాపుల్లోనూ ఉన్న బాణాల్ని మాత్రమే నమ్ముకున్నాం. అవి తొమ్మిదే.

ఎవరికి ఏది అంటే, మీ దగ్గర ఎవరు ఎవరికి జవాబిచ్చారన్న డేటా ఉండి, మనుషులు వందల్లో ఉంటే గెఫీతో మొదలుపెట్టండి. ఒక పూట నేర్చుకుంటే బొమ్మ వస్తుంది, ఆ బొమ్మని నమ్మకుండా ఉండడానికి ఇంకో వారం పడుతుంది. ఎక్సెల్ తప్ప ఇంకేదీ ముట్టనివాళ్లకి నోడ్‌ఎక్సెల్ ఉంది, కోడ్ వచ్చినవాళ్లకి పైథాన్‌లో నెట్‌వర్క్‌ఎక్స్ ఉంది, అదే లెక్కలు అక్కడా చేసుకోవచ్చు. మనుషులు పాతిక లోపు ఉంటే గ్రాఫ్ జోలికి పోకండి, ఎవరు ఎవరితో ఉంటారో మీకు ముందే తెలుసు, నేరుగా కాన్సెప్ట్ మ్యాపే గీయండి. కాగితం, పెన్సిల్ అయినా పర్వాలేదు, బాణం మీద మాట రాయడం మాత్రం ఎగ్గొట్టకండి. గెఫీకి ఐదుకి నాలుగు ఇస్తాను, తగ్గించిన ఒకటి అన్‌డూకి. సీమ్యాప్‌టూల్స్‌కీ నాలుగే, ఆ ముఖం కొంచెం మార్చుకోమని.

గ్రూపు విడగొట్టలేదు. రాత్రి పదకొండు దాటాక జవాబు రాని ప్రశ్నల్ని పొద్దున అడ్మిన్ ఒకరు తీసి పైన పిన్ చేస్తున్నాం, అంతే మార్పు. 17వ నంబరు ఆయనకి మాత్రం బొమ్మ చూపించాను, ఫైల్ ఇవ్వకుండా, వీడియో కాల్‌లో. కాసేపు చూసి "నా చుక్క అంత పెద్దగా వేశారేంటండీ, దిష్టి తగులుతుంది, చిన్నది చేయండి" అన్నారు. సైజు గరిష్ఠం 60 పెట్టి ఉంది, 25 చేశాను. అన్‌డూ లేదు కాబట్టి, ముందు ఇంకో పేరుతో సేవ్ చేసుకున్నాకే.